మొదటి పిలుపు

ఎలీసమ్మ తడిగుడ్డతో బోర్డు తుడిచి, చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బడి వెనక కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి ఇటు మళ్ళితే చాలు, తరగతంతా తుమ్ములే. మార్టూరు కొత్తగా మండలమైన ఏడు అది. ఆ మిషన్ బడిలో బోర్డు మాత్రం ఆమె చేరిన నాటిదే.

దాని మీద ‘హియర్’, ‘లిజన్’ అని రెండు మాటలు రాసింది.

“రెండూ వినడమే. దానంతటది చెవిన పడితే హియర్. మనం చెవి ఒగ్గితే లిజన్. తుమ్ము హియర్, పాఠం లిజన్.”

“మరి సందెవేళ కల్లంలో వచ్చే పిలుపో, టీచర్‌గారూ?” అంది వెనక బల్ల మీది రెబ్కా. పిల్లలు కిసుక్కుమన్నారు.

ఎలీసమ్మ నవ్వలేదు. సందెవేళ పేరు పెట్టి ఎవరు పిలిచినా ఆ వైపు ఊళ్ళల్లో మూడోసారికి గాని పలకరు. తొందరపడి పలికినవాళ్ళను, ఆ పిలిచినదేదో వెంట తీసుకుపోతుందని భయం. చర్చిలో ఆడవాళ్ళచేత ప్రార్థన చేయించే ఎలీసమ్మ కూడా ఏనాడూ మొదటి పిలుపుకు పలికి ఎరగదు.

“అది హియరే. పలక్కుండా ఇళ్ళకు పొండి” అంది.

బడికి తాళం వేసి కల్లం దారి పట్టింది. అక్కడ కాపలా ఉండే అంకమ్మ నాలుగు రోజులుగా జ్వరంతో పాకలో ఒంటరిగా పడి ఉంది. పెళ్ళీ పిల్లలూ లేని ఎలీసమ్మకు తోడంటూ ఉన్నది ఆమె ఒక్కతే.

పొద్దు గుంకింది. పరచిన మిరపకాయల ఎరుపు నల్లబడుతోంది. గాలి ఆగిపోయింది. కుక్క కూడా మొరగలేదు.

“ఎలీసా...”

ఒక్కసారే. సన్నగా, పాక వైపు నుంచి.

ఆమె నిలబడిపోయింది. రెండో పిలుపు కోసం చెవి ఒగ్గింది. రాలేదు. మళ్ళీ పిలిచే ఓపిక అంకమ్మకు లేదేమో. పలక్కపోతే ఆ ఒక్క మనిషీ దక్కదేమో.

“ఆఁ... వస్తున్నానే!”

పాకలో అంకమ్మ గోనెసంచి కుడుతూ కూర్చుని ఉంది. జ్వరం దిగి మొహం తేటపడింది.

“ఏందక్కా ఆ ఉరుకు? దయ్యం గానీ తరిమిందా?”

“నువ్వు పిలిచావుగా.”

“నేనా? లేదే!” అంకమ్మ చేతిలో దబ్బనం ఆగింది. “నిన్ను ఎప్పుడన్నా పేరు పెట్టి పిలిచానా?”

ఎలీసమ్మ మెల్లగా కూలబడి, కాయలు నింపిన బస్తాకు వీపు ఆనించింది.

“నిజమే. ఎలీసా అని, బతికుండగా మా అమ్మే పిలిచేది” అంది. “కాసిని మంచినీళ్ళియ్యవే.”

అంకమ్మ కుండలో ముంచి ఇటు తిరిగేసరికి, ఎవరో చెప్పేది శ్రద్ధగా వింటున్నట్టు ఆమె తల గుమ్మం వైపు వాలి ఉంది. నీళ్ళు తాగలేదు.

తెల్లవారి, శవాన్ని మోసుకుపోవడానికి వచ్చినవాళ్ళు కల్లం గట్టు దగ్గర ఆగిపోయారు. ఎలీసమ్మ పరుగున వస్తూ అక్కడ విడిచిన చెప్పులు, పాక వైపు కాక సమాధుల తోట వైపు తిరిగి, పక్కపక్కన పొందిగ్గా సర్ది ఉన్నాయి.