గిద్దబండి జైత్రయాత్ర

మార్గశీర్షమాసమున నొక యాదివారము ప్రాతఃకాలమున మదనపల్లె పురమును బరివేష్టించిన కొండలయందు మంచుతెరలు వీడీవీడక వ్రేలాడుచుండ, హార్సిలీకొండ శిఖరము బాలభానుకిరణములు సోకి కుంకుమ నద్దుకొనినట్లు వెలుగుచుండ, చుట్టుప్రక్కల పల్లెలనుండి టమాటా గంపలతో వచ్చిన బండ్లు విపణివీధి కెదురుగా బారులు తీరియుండెను. ఆ యెరుపులో నాకాశమున కెంత వంతో టమాటాలకెంత వంతో నిర్ణయించు పని మనకు వలదు.

అట్టి వేళ కదిరికి బోవు రాజమార్గము మొదట నొక వింత పోటీ యారంభము కానుండెను. ప్రతివాహనమునకును లీటరు డీజిలు గొలిచి గాజుసీసాలో బోసి యా సీసాను డ్రైవరు కన్నులయెదుట గట్టి ఇంజనునకు బోవు గొట్టమును ట్యాంకునుండి విప్పి దానికే తగిలింతురు. ఆ యొక్క లీటరుతో నెవ్వడెక్కువ దూరము పోవునో వానికి వెండిపూత గల పాత్ర బహుమానము. ఇంజను నాపి పల్లమున దొర్లించుట నిషిద్ధము. పాలిటెక్నిక్కున నింజనుల శాస్త్రమును జిరకాలము బోధించి విశ్రాంతి గైకొనిన మస్తాన్ సాహేబు న్యాయనిర్ణేత.

వచ్చిన పదునొకండు బండ్లలో బదియును దళతళలాడు క్రొత్తవి. పదునొకండవది గిద్దబండి. తొంబదియారవ సంవత్సరమున గర్మాగారమునుండి వెలువడిన యా లఘుకాయ డీజిలు కారునకు నిర్మాత లేనామ మిడిరో యూరివారికి బట్టలేదు. గిద్దెడు నూనె త్రాగి గంపెడు దూరము పోవునని వారే యా పేరు పెట్టిరి. దాని వర్ణము కరివేపాకుదని పత్రములయందు గలదు గాని యెండవానల కోర్చి యోర్చి యది యే యాకుదో చెప్పరానిదయ్యెను. వేగమును జూపు ముల్లు పదేండ్ల క్రిందట నలువదికడ నలిగి నిలిచి మరల గదలలేదు. ఐనను గణకయంత్రముల యుపదేశము నెరుగని దాని యినుపగుండె మాత్రము చెక్కుచెదరక యుండెను.

దాని యజమాని సిద్ధయ్య ముప్పది వత్సరములు బస్సు నడిపి డీజిలు ఆదాచేయుటలో దన డిపోకెల్ల బదునొకమారులు ప్రథముడై పతకములు గొన్న ఘనుడు. ఆయన పాదము యాక్సిలరేటరుపై నున్నదో లేదో యాక్సిలరేటరునకే తెలియదని తోడి డ్రైవర్లు వేళాకోళ మాడెడివారు. అట్టివాని చెవులను ముప్పదేండ్లు ప్రక్కనే ఘోషించిన యింజనే హరించినది. రెండేండ్ల క్రిందట వైద్యపరీక్షలో వినికిడి లేదని తేలగా నాయనను బస్సు దింపి యింటికి బంపిరి. ఇంజను మొరను విని గేరు మార్చుటకు మరిగినవాడగుటచే నటుపిమ్మట సొంత బండియు నాయన మాట వినదయ్యెను. లీటరున కిరువదియైదు కిలోమీటర్లు పోవునది పదునెనిమిదికి దిగజారెను. పతకముల పెట్టెను ఆయన యటకపైకి నెట్టివైచెను.

ఆ దశలో బండిని గాపాడినది భార్య ఓబుళమ్మ. ఆమె స్టీరింగు పట్టి యెరుగదు. ఐనను వాకిట గూర్చుండి వంటింటిలోని యెసరు మరుగు చప్పుడును బట్టి బియ్యము పోయువేళ చెప్పగల యాయమ చెవి కింజను మొర యొక లెక్కయా? ఎడమసీటున గూర్చుండి గేరుకడ్డీపై నున్న మగని చేతిపై దన చేయి వైచి యొకమారు నొక్కిన బైగేరు, రెండుమారులు నొక్కిన గ్రిందిగేరు అని యేర్పాటు చేసెను. గిద్దబండి మరల నిరువదియైదు ముట్టెను. కాని సిద్ధయ్య మనస్సు మాత్రము తేరుకొనలేదు.

పోటీకి బయలుదేరు ముందు ఆయన భార్య మొగమువంక జూడక యిట్లనెను.

"ఈపొద్దు నా చేతిలో ఇంకేమీ లేదని తేలిపోతే తాళంచెవి నీకిచ్చేస్తానే. మళ్లా స్టీరింగు ముట్టను."

ఆయన పెదవులను జదివి బదులందుకొనునట్లు ఓబుళమ్మ యెదుట నిలిచి మెల్లగా బలికెను. "తేలేదేందో తేలనీ. ముందు బండెక్కబ్బా."

పోటీదార్లలో ద్వారకనాథరెడ్డి క్రొత్తకార్ల యంగడి యజమాని. చుక్క చుక్కకును లెక్క చూపు తెరగల బండిని దానే నడుపుచుండెను. దుష్టుడు గాడు, నోటికి మూత లేనివాడు, అంతియ. సిద్ధయ్యచేతిపై ఓబుళమ్మ చేయి యుండుట గని యాతడు న్యాయనిర్ణేతను బిలిచెను.

"ఏం సాయిబూ, ఆయమ్మని పక్కన కూచోబెట్టుకుంటే ఎట్లా? దారిపొడుగునా చెప్తాంటాది."

"చెప్తే మాత్రం ఆయప్పకి ఇనపడాల గదప్పా. తోడు ఒకరుండచ్చని రూలులోనే ఉండాది" అని మస్తాన్ సాహేబు బదులిచ్చెను.

జనులు ఘొల్లున నవ్విరి. ఆ నవ్వు వినబడకున్నను దెరచిన నోళ్లన్నియు దనవైపే తిరిగియుండుట చూచి సిద్ధయ్య సంగతి గ్రహించి తల వంచుకొనెను. ద్వారకనాథరెడ్డి పోవుచు బోవుచు మరియొక మాట విసరెను.

"సరేలే, ఉండనీ. గెలిచినా ఆయమ్మ చెయ్యి గెలిచినట్లు గానీ సిద్ధయ్య గెలిచినట్లు కాదు."

ఆ మాట సిద్ధయ్య వినలేదు. ఓబుళమ్మ వినెను. విని కోపింపలేదు, అది నిజమని తోచుటయే యామెకు దుఃఖమయ్యెను.

పచ్చజెండా యూపినంతనే క్రొత్తబండ్లు రివ్వున సాగిపోయెను. సిద్ధయ్య తాళము ద్రిప్పి, ఇంజనులోని కాయిళ్లు వేడెక్కి యెదుటి చిన్నదీప మారువరకు నోపికతో వేచి, పిమ్మట గదలెను. తక్కిన బండ్లలో దన శిష్యుల నెక్కించి, దీని వెనుకసీటున మస్తాన్ సాహేబు కాగితము కలముతో దానే గూర్చుండియుండెను. మిట్టలు పల్లములు గడచుచు, టమాటా లారీలకు దారి యిచ్చుచు, ఓబుళమ్మ నొక్కినపుడెల్ల గేరు మార్చుచు గిద్దబండి యంగళ్లు గ్రామము దాటుసరికి సీసాలో సగమునకు బైగా డీజిలు మిగిలియుండెను.

అచ్చట ఓబుళమ్మ తన చేతిని మెల్లగా దీసి యొడిలో బెట్టుకొని, తలను కిటికీ కానించి, కన్నులు మూసికొనెను.

చదువరులారా, ఆమె నిద్రించలేదు. ఇరువదేండ్లలో నా బండిలో నామె కునుకు దీసిన దినము లేదు. చీర కుచ్చెళ్లక్రింద నామె యెడమకాలి బొటనవ్రేలు గేరు మార్చవలసినపుడెల్ల లేని క్లచ్చిని దొక్కుచునే యుండెను. చేతిని మాత్రము బిగబట్టుకొని యుండెను.

"ఏమే... ఓబుళా" అని సిద్ధయ్య పిలిచెను. బదులు లేదు. ఎదుట దీర్ఘమైన మిట్ట గనబడుచుండెను. ఆయన నుదుట జెమట పోసెను. మార్చుటకు దగదని తెలియక పైగేరు వైచెను. బండి యుక్కిరిబిక్కిరియై వణికెను. సీసాలోని డీజిలు చరచర తగ్గసాగెను. వెనుకనున్న సాహేబు కలము నాపి తల యెత్తెను.

ఆ వణకు గేరుకడ్డీగుండ వచ్చి సిద్ధయ్య యరచేతిని దాకెను. ఆయన యులికిపడి యా వణకును పట్టుకొనెను. ఒక గేరు దింపెను. వణకు సన్నగిల్లి, జుమ్మను కంపముగా మారి, చల్లబడెను. మరల నిమిషమున కది గరుకువారెను. మరల మార్చెను. అది మరల నునుపయ్యెను. ఇన్నేండ్లును ఇంజను తనతో జెవిలో మాత్రమే మాటలాడుచున్నదని యాయన భ్రమపడియుండెను. ఆ యావద్భాషణమును అరచేయి యక్షరమైన విడువక నేర్చికొనియున్నదని ఆ మిట్టపై నాయనకు దెలిసెను. తెలిసి, కన్నులు చెమర్చి, పెదవులు బిగించి, పాదమును మరియు దేలికచేసెను.

అటుపై గిద్దబండి నడకను వర్ణించుట కష్టము. అది పరుగెత్తలేదు, ఈడ్వబడలేదు. తనకు గల ప్రతి బొట్టును బ్రేమతో నంజుకొనుచు సాగెను. ఇరువదినాలుగవ కిలోమీటరు రాతికడ నాలుగు క్రొత్తబండ్లు రోడ్డు ప్రక్కన నిలిచియుండెను. ఇరువదియారవ దానికడ మరి యైదు. మోటారుసైకిళ్లపై వెంబడించినవారు కేకలు వైచి యుత్సాహపరచిన కొలది లారీలను దాటుచు దొందర బడిన ద్వారకనాథరెడ్డి యిరువదితొమ్మిదవ రాయి దాటిన పిమ్మట దన తెరపై సున్నను జూచుచు నిలిచియుండెను. గిద్దబండి యాతని ముందునుండి నలువది వేగముతో, ఆ యలిగిన ముల్లు చూపిన వేగముతోనే, సాగిపోయెను. ఆతడు చేయి యెత్తెను. పిలిచెనో నమస్కరించెనో తెలియదు.

ముప్పదవ రాతికడ సీసా యెండిపోయెను. ముప్పదియొకటవ రాయి దాటి నాలుగువందల మీటర్లు పోయి, గొట్టములోని కడబొట్టును గూడ వినియోగించి, రెండుమారులు దగ్గి, గిద్దబండి నిలిచెను.

మస్తాన్ సాహేబు క్రిందికి దిగి చక్రము నిలిచినచోట సున్నముతో గీత గీసెను. ఎదురువచ్చుచున్న టమాటా లారీల డ్రైవర్లు సంగతి విని హారనులు మ్రోయించిరి. సిద్ధయ్య కవి వినబడలేదు గాని వారి నవ్వుమొగములు కనబడెను. ఈమారు తల వంచుకొనలేదు.

ద్వారకనాథరెడ్డి యొక మోటారుసైకిలు వెనుక నెక్కి వచ్చి దిగెను. "సాయిబూ, ఒక్క మాట చెప్పు. గేర్లు చెప్పిందెవరు?"

"అంగళ్లు దాటినకాడ్నుంచి ఆయమ్మ చెయ్యి ఒడిలోనే ఉండాది. నేను వెనకాల కూచుని చూస్తానే ఉంటి. మార్చిందంతా ఆయప్పే" అని సాహేబు సిద్ధయ్య యెడమచేతిని జూపెను.

ద్వారకనాథరెడ్డి సిద్ధయ్య యెదుటకు వచ్చి, ఆయన పెదవులు చదువునట్లు మెల్లగా "తప్పయిందన్నా" అని పలికి, ఆ యెడమచేతిని రెండుచేతులం బట్టి కన్నుల కద్దుకొనెను. సిద్ధయ్య కొంత సిగ్గుపడెను. గర్వపడెను గూడ, అట్టి దినమున గర్వపడక యెన్నడు పడవలయును?

ట్యాంకు గొట్టమును మరల దగిలించి, అందులోని గాలి వెడలగొట్టి, దంపతులు తిరుగుదారి బట్టిరి. సాహేబు బహూకరించిన వెండిపూత పాత్ర ఓబుళమ్మ యొడిలో మెరయుచుండెను. కొంతదూరము పోయినపిమ్మట సిద్ధయ్య యడిగెను.

"నిద్ర బాగా పట్టిందా?"

ఓబుళమ్మ యాయనవైపు మొగము ద్రిప్పి పలికెను. "బో పట్టింది. ఎప్పుడొచ్చినామో తెలీనే లేదు."

"కాలి బొటనేలికి మాత్రం పట్టినట్లు లేదే."

ఆమె త్వరత్వరగా కాలిని కుచ్చెళ్లలోనికి ముడుచుకొనెను. సిద్ధయ్య నవ్వుచు నామె కుడిచేతిని దీసి గేరుకడ్డీపై నుంచి, దానిపై దన చేయి వైచెను. ఇన్నాళ్లును పైన నుండిన చేయి నేడు క్రింద నుండెను.

"ఇప్పుడు నువ్వు ఇను" అనెను.

ఎదుట మిట్ట వచ్చెను. ఓబుళమ్మ నొక్కలేదు. ఆయన వేచియుండలేదు. ఇనుము పలికిన ప్రతి పలుకును నాయమ యరచేతి కందుచుండ గిద్దబండి గేరు మార్చుకొని మదనపల్లెవైపు మిట్ట నెక్కిపోయెను.