పంపు గది మీద మైకు

ఇనపమంచం కోడుకి స్టీలుచెంచా టంగుమని తగిలింది. మందారాల దగ్గరున్న సామ్రాజ్యం చేతిలోని రబ్బరుగొట్టం వదిలేసి పంపు గది వైపు పరిగెత్తింది. మోటారు కట్టేసి మంచం వైపు చూసింది. బుల్లయ్య ఎడమచేతి మణికట్టుకి పురికొసతో కట్టిన చెంచా ఇంకా ఊగుతోంది.

"గాలి... లాగుతాంది," అన్నాడు. నోరు ఒకపక్కకి లాగేసింది కాబట్టి ఆ మాట మరొకరికైతే మూలుగులా వినపడుతుంది.

తొట్టిలో నీళ్లు అడుగంటి మోటారు గాలి లాగడం మొదలెడితే దాని గొంతు మారుతుంది. ఆ మారడం బుల్లయ్యకి తెలిసినంత తొందరగా ఇంకెవరికీ తెలియదు. ఆ మోటారు పక్కనే పాతికేళ్లుగా పడుకుని లేచినవాడు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక ఉద్యోగం పేరుకి సామ్రాజ్యానిదైంది. కాంట్రాక్టరు కాగితంలో ఆమె పేరు రాసుకున్నాడు. పని మాత్రం ఇద్దరూ చేస్తున్నారు. ఆమె నీళ్లు పెడుతుంది, ఊడుస్తుంది. ఆయన వింటాడు, చెంచా కొడతాడు. తానింకా మునిసిపాలిటీ పంపు ఆపరేటరునేనని బుల్లయ్య నమ్మకం. ఆ నమ్మకం తీసేస్తే ఆ మంచం మీద ఇక మిగిలేదేమీ లేదు.

పేరేమో సామ్రాజ్యం. ఏలుతున్నది మాత్రం పార్కులోని ఆ పంపు గది. ఒక మూల మోటారు, గోడకి స్టార్టరు పెట్టె, ఇంకో మూల మంచం, మధ్యలో పొయ్యి. కిటికీ తెరిస్తే పత్తి మిల్లు గోడ తప్ప ఏమీ కనపడదు. పత్తి సీజనులో దూదిపింజలు ఎగిరొచ్చి బుల్లయ్య గడ్డానికి అంటుకుంటాయి. మాఘమాసం నుంచి మిరపకాయల ఘాటు. మిర్చి యార్డుకి పోయే లారీలు పార్కు రోడ్డు మీదే పోతాయి. బుల్లయ్యకి తుమ్మొస్తే ఒళ్లంతా ఎగిరిపడి, ఆ తర్వాత చాలాసేపు ఆయాసం.

తెల్లారేలోపల ఆయన్ని శుభ్రం చేయాలి. ఒత్తిగిలబెట్టి, నడుము దగ్గర పుండు తుడిచి, పౌడరు చల్లి, గుడ్డలు మార్చాలి. మార్చిన గుడ్డలు పంపు పక్కనున్న రాతి మీద ఉతికి, మిల్లు గోడ వైపు ఆరేయాలి. వాకర్స్ అసోసియేషన్ వాళ్లు వచ్చేసరికి ఆ వాసన ఉండకూడదు. వాళ్లు ఏమీ అనరు పాపం. ముక్కుకి రుమాలు పెట్టుకుని, "బుల్లయ్య ఎట్లా ఉన్నాడమ్మా?" అని మర్యాదగా అడుగుతారు. ఆ మర్యాదే ఆమెకి గుచ్చుకుంటుంది.

ఆ రాతికీ ఒక కథ ఉంది. అది మామూలు రాయి కాదు, శంకుస్థాపన రాయి. అప్పట్లో, ఇప్పుడున్న ఎమ్మెల్యే గారే ఈ పార్కుకి నడకదారి వేస్తామని కొబ్బరికాయ కొట్టి, తన పేరున్న నల్లరాయి పాతించారు. దారి రాలేదు. ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. గెలిచినవాళ్ల మనుషులు ఊళ్లో రాళ్లన్నీ పగలగొట్టుకుంటూ వస్తుంటే, అసోసియేషన్ సెక్రటరీ శ్యామ్ సుందర్ గారు, రిటైరైన బ్యాంకు మేనేజరు, దీన్ని ఎక్కడైనా దాచమని సామ్రాజ్యానికి చెప్పారు. ఆమె అక్షరాలు కిందికి పెట్టి పంపు పక్కన బోర్లా వేసింది. నున్నటి రాయి, గుడ్డలు ఉతకడానికి భేషుగ్గా ఉంది. దాచిందా, వాడుకుందా అంటే రెండూ నిజమే.

మొన్న ఎన్నికల్లో ఆయన మళ్లీ గెలిచారు. నడకదారి మళ్లీ వచ్చింది. ఈసారి నిధులు కూడా వచ్చాయంటున్నారు. ఇవాళే మీటింగు.

గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఈ పార్కు రేపు ఎట్లా ఉంటుందో అందులో బొమ్మ వేశారు. ఎర్రటి దారి, ఆ దారి మీద బొచ్చుకుక్కని పట్టుకుని నడుస్తున్న తెల్లదొరసాని. తమ గది ఉండాల్సిన చోటు కోసం సామ్రాజ్యం బొమ్మంతా వెతికింది. అక్కడ పచ్చరంగు సైకిలు యంత్రం మీద ఒకడు నవ్వుతూ తొక్కుతున్నాడు.

కొలతలు వేసిన మునిసిపల్ ఇంజనీరు, ఏఈ ఖలీల్ గారు ఆ సంగతి ఆమెకి ముందే చెప్పాడు. చెడ్డవాడు కాదు. దారి వంపు సరిగ్గా గది మీదుగా పోతోందనీ, మోటారుకి వేరే చోట రేకు వేస్తారనీ, మార్చి నెలాఖరు లోపల పని మొదలుకాకపోతే నిధులు వెనక్కి పోతాయనీ చెప్పాడు. తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఆ మాట నిజమే. ఎవరి చేతిలోనూ ఏమీ లేని పనులే ఇట్లా ఆగకుండా జరిగిపోతాయి.

ఆ రోజునుంచీ ఆమె గది కోసం తిరగని వీధి లేదు. అద్దె ఇస్తానంది. వాకిళ్లు ఊడుస్తానంది. అంతా బాగానే మాట్లాడి, చివర్లో ఇంట్లో ఎవరెవరుంటారని అడిగేవాళ్లు. మంచాన పడ్డ మనిషి అనగానే మొహం మారిపోయేది. అద్దెకొచ్చినవాళ్ల మనిషి ఇంట్లో పోతే, అందులోనూ చెడ్డ నక్షత్రంలో పోతే, ఆరునెలలు ఇల్లు మూసేసుకోవాలి. ఆ తర్వాత కూడా ఆ గదిలోకి ఎవరూ దిగరు. పాలకేంద్రం వెనక ఉండే పిచ్చమ్మ అయితే మనసులో మాట దాచుకోలేదు. నువ్వొక్కదానివే అయితే ఇవాళే రా, లేకపోతే ఆయన సంగతి తేలినాక రా అంది. కూతురు నాగజ్యోతి సింగరాయకొండలో రొయ్యల షెడ్డు పనికి పోతుంది. అత్తా మామా మొగుడు పిల్లలతో ఉండేది ఒకటే గది. ఆ పిల్లని అడిగి ఏడిపించడం ఇష్టంలేక అడగలేదు.

ఒకరోజు పిచ్చమ్మ ఇంటి నుంచి తిరిగొస్తుంటే, ఈయన ఉగాదికి ముందే పోతే బాగుండు అనిపించింది సామ్రాజ్యానికి. రోడ్డు మధ్యలోనే ఆగి తన చెంప తనే వాయించుకుంది. మిరపకాయల లారీవాడు హారను కొడితే గానీ పక్కకి జరగలేదు.

ఇవేవీ బుల్లయ్యకి చెప్పలేదు.

"ఏందే సందడి?" అన్నాడు ఆయన, షామియానా గుంజలు పాతుతున్న చప్పుడు విని.

"ఏం లేదు మావా. పార్కుకి రంగులేత్తారంట. మీటింగు."

"మన గదికో?"

"మన గదికి గూడా," అంది జావ చెంచాతో నోట్లో పోస్తూ. ఆయన కళ్లు కాస్త వెలిగాయి. నీలం రంగైతే బాగుంటుందన్నాడు.

మైకుసెట్టు అతను వచ్చి పార్కులో ఎత్తయిన చోటు ఏదా అని చూసి, పంపు గది కప్పు మీదికెక్కి మైకు హారను కట్టాడు. ముసలాయనకి చెవులు దిమ్మెక్కిపోతాయి, మూతి అటు తిప్పమని సామ్రాజ్యం బతిమాలింది. గంటలో అయిపోతుందిలే అన్నాడతను. శ్యామ్ సుందర్ గారిని పట్టుకుని గది సంగతి ఒక్కమాట చెవిన వేయమని వారంగా అడుగుతూనే ఉంది. ఆయన టైము చూసి చెబుతానన్నారు. పెద్దవాళ్ల టైము ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?

ఎమ్మెల్యే గారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. ఇదే చోట తాను వేసిన రాయిని పగలగొట్టినవాళ్లని మైకులో నాలుగు దులిపారు. అప్పుడొచ్చింది శ్యామ్ సుందర్ గారి టైము. లేచి నిలబడి, "లేదండీ, ఆ రాయి ఉంది. మా సామ్రాజ్యమ్మ దాచింది," అన్నారు.

నలుగురు పట్టి రాతిని తిరగేశారు. మట్టి కడిగితే అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. ఎమ్మెల్యే గారి కళ్లు చెమర్చాయి. వంగి ఆ రాతిని రెండు చేతులా తాకి, ఆ చేతులు కళ్లకద్దుకున్నారు. ఆ రాతి మీద రోజూ ఏం ఉతుకుతారో తెలిసిన వాకర్స్ అసోసియేషన్ మొత్తం ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. రోజూ పొద్దున్నే వలయంగా నిలబడి నవ్వడం ప్రాక్టీసు చేసేవాళ్లు, ఆ ఒక్క నిమిషం నవ్వకుండా ఉండటానికి పడిన కష్టం అంతా ఇంతా కాదు. సామ్రాజ్యం మాత్రం నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఏం కావాలో అడుగమ్మా," అని ఆయన మైకు ఆమె చేతిలో పెట్టారు.

ఆమె ఎన్నడూ మైకు పట్టుకోలేదు. చెమటచేతిలో అది జారుతుంటే రెండు చేతులా పట్టుకుంది. మళ్లీ ఈ అదను రాదని ఒక్కటే తెలుసు.

"అయ్యా, నాకింకేం వద్దు. ఆ గది తియ్యబాకండి. ఎల్లకాలం అడగట్లా. మా ఆయన పోయిందాకా ఉండనీండి, సాలు. ఉగాది దాటడన్నాడు డాక్టరు. పోయే మనిషని ఊళ్లో ఎవురూ ఇల్లియ్యట్లా. ఆయన పోయిన మర్నాడే కాళీ చేత్తాను. పనికి అడ్డం రాను."

ఎవరో ఆడమనిషి ఎక్కడో ఎత్తునుంచి, ఆమె మాటల వెనకే అవే మాటలు అంటోంది. పోయిందాకా. ఉగాది దాటడు. ఆ గొంతు ఎవరిదా అని సామ్రాజ్యం తలెత్తి చూసింది. పంపు గది కప్పు మీద హారను. దాని కిందే కిటికీ తెరిచి ఉంది. పొద్దున గాలాడుతుందని తనే తెరిచింది.

ఎమ్మెల్యే గారు మైకు అందుకున్నారు. "ఆ పెద్దాయన పోయేదాకా ఆ గది జోలికి ఎవరూ రావడానికి వీల్లేదు. ఇది నా మాట," అన్నారు. షామియానా అదిరేలా చప్పట్లు కొట్టారు. శ్యామ్ సుందర్ గారు నిలబడి మరీ కొట్టారు. ఆ చప్పట్లన్నీ హారనులోంచి గది మీద కురిశాయి.

అందరూ భోజనాల వైపు వెళ్తుంటే ఖలీల్ గారు ఆమె పక్కకి వచ్చాడు. ఫోనులో క్యాలెండరు తీసి చూశాడు.

"అమ్మా... డాక్టరు ఉగాది అనే అన్నాడా? ఉగాది ముప్పయ్యో తారీఖు వచ్చిందమ్మా. మరి ముప్పై ఒకటి..." అని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"అట్టాగే బాబూ," అంది సామ్రాజ్యం, అదేదో తన చేతిలో పనైనట్టు.

ఆమె గదిలోకి పోలేదు. విస్తరాకులు ఏరింది, కాగితపు గ్లాసులు ఏరింది, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. లోపలికి పోయి ఏ మొహం పెట్టుకుని చూడాలి? నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి చావుకి నలుగురిలో గడువు చెప్పి వచ్చింది. పోనీ ఆయన నిద్రపోయి ఉంటాడేమో. మైకు మాటలు సరిగా అర్థమై ఉండవేమో. ఇట్లాంటి ఆశలు ఎన్ని పుట్టినా ఎండ తగ్గేసరికి ఒక్కటీ మిగల్లేదు. పులిహోర పొట్లం పట్టుకుని లోపలికి వెళ్లింది.

బుల్లయ్య మెలకువగానే ఉన్నాడు. దూదిపింజ ఒకటి కనుబొమ మీద వాలి ఉంది.

"చప్పట్లు... బాగా కొట్టారు," అన్నాడు.

సామ్రాజ్యం మంచం పట్టెమీద కూలబడింది. ఆయన ఎడమచెయ్యి మెల్లగా వచ్చి ఆమె మోకాలి మీద పడింది. చెంచా చల్లగా తగిలింది.

"ఏడవబాక. మంచిగనే అడిగావు. ఇంకెట్టా అడుగుతావు?"

పులిహోర వద్దన్నాడు. జావ కూడా వద్దన్నాడు. "మోటారెయ్. మొక్కలు ఎండిపోతన్నయ్యి," అన్నాడు. ఆమె కనుబొమ మీది దూది తీసేసి, మోటారు వేసి, గొట్టం పట్టుకుని బయటికి వెళ్లింది. ఏడవడానికి ఆమెకి అదొక్కటే చోటు. మొక్కల దగ్గరైతే ఎవరూ ఏమీ అడగరు.

పొద్దు వాలుతోంది. మందారాలకి పెట్టింది, గన్నేర్లకి పెట్టింది. షామియానా విప్పి బండికెత్తి వాళ్లు వెళ్లిపోయారు. చివరి గన్నేరు దగ్గరుండగా గొట్టంలో నీళ్లు సన్నబడి చీదడం మొదలైంది. మోటారు గొంతు మారింది. మారిందని ఈసారి ఆమెకే తెలిసింది. చెంచా చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడింది. గొట్టం గాలి కక్కుతోంది. మోటారు అరుస్తోంది. మంచంకోడు పలకలేదు.

ఆమె పరిగెత్తలేదు. నడిచి వెళ్లి ముందు మోటారు కట్టేసింది. అంత నిశ్శబ్దం ఆ గదిలో ఎప్పుడూ లేదు. ఆ తర్వాతే మంచం వైపు తిరిగింది. చెయ్యి మంచం అంచు దాటి కిందికి వేలాడుతోంది, పురికొస చివర చెంచా కదలకుండా ఉంది.

మర్నాడు వాకర్స్ అసోసియేషన్ తరఫున పెద్ద దండ వచ్చింది. అదృష్టవంతుడు, ఎవరికీ బరువు కాకుండా పోయాడని శ్యామ్ సుందర్ గారు అన్నారు. ఖలీల్ గారు శ్మశానం దాకా నడిచాడు, తల ఎత్తలేదు. దహనం నుంచి రాగానే సామ్రాజ్యం మంచం, గిన్నెలు బయట పెట్టింది. చెంచాని మాత్రం పురికొసతో సహా స్టార్టరు పెట్టెకి తగిలించి వదిలేసింది. కొన్ని రోజులైనా ఉండమ్మా అని ఎవరో అంటే, మైకులో చెప్పాను గదా అంది. కూతురు వచ్చి ఆమెని సింగరాయకొండ బస్సెక్కించింది. ఒంటిమనిషికి చోటు దొరకడం అంత కష్టం కాలేదు.

జేసీబీ వచ్చి గదిని ఒక్కపూటలో నేలమట్టం చేసింది. పని మొదలైనట్టు ఫొటోలు తీసి పంపారు. ఆ తర్వాత బిల్లు రాలేదని కాంట్రాక్టరు యంత్రం తీసుకుని పోయాడు. నిధులు వేరే పథకానికి మళ్లాయని కొందరు, అసలు రానేలేదని కొందరు అన్నారు. ఉగాది వచ్చింది, పోయింది. ఎర్రదారి రాలేదు. నల్లరాయి మాత్రం అక్షరాలు పైకి పెట్టుకుని అక్కడే మిగిలింది. నడిచేవాళ్లు దాని మీద కాలు పెట్టి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు.

మోటారుకి నాలుగు గుంజల మీద రేకు వేశారు. కొత్తగా వచ్చినవాడు రెండు మోటార్లు కాల్చాడు. స్టార్టరు పెట్టె బిగించిన గుంజకి మేకు ఉంది, ఆ మేకుకి పురికొసతో కట్టిన స్టీలుచెంచా ఒకటి, మిల్లు వైపునుంచి గాలి వీచినప్పుడల్లా ఇనపగుంజని మెల్లగా తాకుతోంది.