ఫోను వెనక వెండి కాగితం

దిగ్నా చేతికి స్క్రూడ్రైవరు దొరికితే చుట్టుపక్కల ఏ వస్తువుకీ మనశ్శాంతి ఉండదని పుంతా మాన్సా రేవులో అందరూ అంటారు. మిక్సీ విప్పింది, ఫ్యాను విప్పింది, చివరికి చర్చిలో మైకు కూడా విప్పింది. విప్పినవాటిలో చాలామటుకు మళ్ళీ పనిచేశాయి, అది ఒప్పుకోవాలి. అందుకే ఫోనులో జీపీఎస్ నీరసపడిపోయినప్పుడు హోల్గేర్ పట్నం బస్సెక్కకుండా, దాన్ని తెచ్చి పెళ్ళాం ముందు పెట్టాడు.

“చుక్క ఒకచోట నిలవట్లేదే. మనం ఇక్కడుంటే అది కొండ మీద తిరుగుతోంది, తాగినోడిలాగ.”

“నీ ఫోనేగా, నీ బుద్ధే వస్తుంది,” అంది దిగ్నా.

మాటకి నవ్వుకున్నారు గానీ అది నవ్వులాట వ్యవహారం కాదు. ఒడ్డు కనబడనంత దూరం పోయి గాలాల తాడు వేసేవాడికి ఆ నీలం చుక్కే ఇంటికి దారి. ఇదివరకు పడవలో దానికి వేరే యంత్రం ఉండేది. ఓ రోజు సముద్రపు దొంగలు అడ్డంపడి, పట్టిన చేపలతో పాటు ఆ యంత్రాన్నీ, దిక్సూచినీ కూడా ఎత్తుకుపోయారు. మోటారు మాత్రం పాతదని వదిలేశారు. దాన్ని పాతదన్నందుకు హోల్గేర్‌కి ఇప్పటికీ కడుపుమంటే.

అప్పటినుంచి ఊళ్ళో పడవకి ఒక్క ఫోనే తీసుకెళ్ళడం అలవాటైంది. ఇద్దరు పోతే ఒకడి ఫోను ఇంట్లో ఉంటుంది. దొంగలొచ్చినా ఒకటే పోతుందని వాళ్ళ ధీమా.

“నీతో పడవలో వచ్చే జసింతో ఫోను పట్టుకుపోవచ్చుగా? అది బాగానే ఉందిగా,” అంది దిగ్నా, వెనక రేకుని జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేస్తూ.

“అందులో నా చోటు లేదు.”

“ఎక్కించు మరి.”

“జసింతో నాకు తమ్ముడి వరస. ప్రాణం అడిగితే ఇస్తా. చోటు మాత్రం ఇవ్వను.”

చేపలు పడే చోటు అంటే ఆ తీరంలో మగవాళ్ళకి అంత గుట్టు. పడవలో పక్కన కూర్చున్నవాడికి కూడా తెర కనబడకుండా ఫోను చేత్తో కప్పుకుంటారు. జసింతో ఏళ్ళ తరబడి అక్కడికే వెళ్ళి వస్తున్నా, ఎటువైపు పోతున్నాడో అడిగే సాహసం చెయ్యలేదు పాపం.

దిగ్నా పాత బస్సు కార్డుతో రేకు ఊడదీసింది. లోపల యాంటెనాకి తగిలే సన్నటి ఇత్తడి స్ప్రింగులు ఉప్పుగాలికి పచ్చబడి అణిగిపోయి ఉన్నాయి. వాటిని రబ్బరుతో రుద్ది, దూదిమీద స్పిరిటు వేసి తుడిచి, సూదితో ఒక్కొక్కదాన్నీ పైకి లేపింది. ఫోనులో చూసిన వీడియోలో గడ్డపాయన చెప్పినది అంతవరకే. ఆవిడ అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పని ఉండేది కాదు.

కానీ దిగ్నా చేతులు ఆగే రకం కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న టీవీ యాంటెనాకి చాక్లెట్టు మీది వెండి కాగితం చుట్టి బొమ్మ రప్పించేవాడు. ఆ ఒక్క కాగితంతో వీధంతా వాళ్ళింట్లో కూర్చుని ఫుట్‌బాల్ చూసింది. ఆవిడ ఓ చాక్లెట్టు విప్పి, తిని, ఆ కాగితాన్ని గోటితో సాపుచేసి రేకు లోపలివైపు నీటుగా అంటించి మూసేసింది.

డాబా మీదికి పట్టుకెళ్ళి తెరిస్తే, నీలం చుక్క సరిగ్గా వాళ్ళింటి మీద వచ్చి కూర్చుంది. కదల్లేదు, మెదల్లేదు. అలా చూస్తూ చూస్తూ దిగ్నా పటాన్ని వేలితో పక్కకి జరిపింది. ఊరి ఎదురుగా ఉన్న దీవి దాటాక, తిన్నగా పడమటికి పోతే నీళ్ళు ఒక్కసారిగా లోతయ్యే చోట చిన్న జెండా గుర్తు, దాని పక్కన పేరు కనబడ్డాయి. ఆ పేరు దిగ్నా. పదిహేనేళ్ళ కాపురంలో మొగుడు నోరారా ఒక ముద్దుమాట అనలేదు గానీ తీసుకెళ్ళి సముద్రం మధ్యలో ఆవిడ పేరు రాసుకున్నాడు. దిగ్నాకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. చూడనట్టే పటాన్ని మళ్ళీ ఇంటి మీదికి జరిపేసింది.

“ఇదిగో. నీ నెత్తి మీదే ఉంది చుక్క.”

“ఏం చేశావేంటి?”

“నీకెందుకు? పనిచేస్తోందా లేదా?”

“చేస్తోంది.”

“మరైతే పో.”

ఫోనుని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, ఆ సాయంత్రమే జసింతోతో కలిసి పడవ నెట్టుకుని వెళ్ళిపోయాడు హోల్గేర్. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి రావాలి.

మర్నాడు పొద్దున్నే జసింతో పెళ్ళాం లూబీ, మొగుడు ఇంట్లో వదిలిన ఫోను పట్టుకుని వచ్చింది.

“అక్కా, మాది కూడా చేసిపెట్టవూ.”

“మీది బాగానే ఉందిగా లూబీ.”

“ఇంకా బాగుపడితే వద్దంటానా?”

పొగడ్తకి పడని మనిషి ఎవరు? దిగ్నా రెండో చాక్లెట్టు విప్పింది. చాక్లెట్టు లూబీ తింది, కాగితం ఫోను తింది. డాబా మీద చూస్తే ఈ చుక్క కూడా బుద్ధిగా ఇంటి మీద నిలబడింది. ఇద్దరూ కాఫీ పెట్టుకుని, కాల్చిన అరటికాయ మీద వేరుశెనగ పొడి చల్లుకుని కూర్చున్నారు. అంతలో కరెంటు పోయింది. ఆ నెలల్లో రోజూ పోయేదే. కాసేపటికి కొండ మీది టవరు కూడా మూగబోయింది.

“అక్కా, చుక్క పోయింది,” అంది లూబీ.

“టవరు పోయిందిగా. కరెంటొస్తే వస్తుందిలే.”

“టవరు పోతే మాట్లాడ్డం పోవాలి. చుక్కెందుకు పోద్ది? ఇదివరకు ఎన్నిసార్లు కరెంటు పోయినా పోలేదే. అయినా సముద్రం మీద టవరెక్కడుందక్కా? ఒక్కడే పోయినప్పుడు జసింతో దీన్నే పట్టుకుని పోయొచ్చేవాడుగా?”

దిగ్నా నోట్లో అరటికాయ ముక్క అలాగే ఉండిపోయింది. ఫోను లాక్కుని ఒక్క పరుగున ఇసుకలోకి పోయింది. పైన ఆకాశం తప్ప మరేమీ లేని చోట నిలబడి దాన్ని నెత్తికి పైగా ఎత్తి పట్టుకుంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ఇంకా ఆరని జిగురుని గోటితో రేపి, రేకు లాగి, వెండి కాగితం పీకి పారేసింది. మళ్ళీ ఎత్తింది. కాస్త ఆగి నీలం చుక్క వచ్చి ఇసుకలో వాళ్ళ కాళ్ళ దగ్గరే నిలబడింది.

అప్పుడు అర్థమైంది. డాబా మీద చుక్కని చూపించింది ఆకాశం కాదు, కొండ మీది టవరూ, పక్కింటి మందుల కొట్టు నెట్టూను. స్ప్రింగులు బాగుచేసిన చేత్తోనే పైనుంచి వచ్చేదాన్ని కాగితం పెట్టి మూసేసింది. టవరు అందినంత దూరం ఫోను హోల్గేర్‌తో అబద్ధమాడి ఉంటుంది. అది అందని చోట చుక్కే ఉండదు.

లూబీకి ఇవేమీ చెప్పనక్కర్లేకపోయింది. కిందపడిన కాగితం వైపు చూసింది, దిగ్నా మొహం వైపు చూసింది.

“ఆళ్ళ ఫోనులో కూడా పెట్టావా?”

దిగ్నా తలూపింది.

“నీ చేతులు పడిపోనూ!” అని ఇసుకలో కూలబడింది లూబీ.

ఆకాశం బూడిదరంగులో ఉంది. సన్న తుంపర పడుతోంది, సూర్యుడు ఏ మూల ఉన్నాడో తెలియడంలేదు. పడవలో పెట్రోలు పోయి రావడానికి సరిపడా పోస్తారు, వెతుక్కుంటూ తిరగడానికి కాదు. దిగ్నా ఆగకుండా యుఫేమియా కొట్టుకి పోయింది.

యుఫేమియా పెద్దమ్మ కొట్లో బియ్యం మూటల వెనక, పడవల్లోవాళ్ళతో మాట్లాడే రేడియో ఉంది. లారీ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి దానికి కరెంటు బాధ లేదు. ఆ రేడియో దగ్గర పెద్దమ్మది ఒకటే కట్టుబాటు. ఏ పడవ ఎక్కడుందో అడగకూడదు, చెప్పకూడదు. దొంగలూ అదే వింటుంటారు. దారి తప్పినవాడు కూడా దారి తప్పానని గాలిలోకి అనడు. అన్నాడంటే రమ్మని పిలిచినట్టే.

“చోటు మాట ఎత్తకుండా చెప్పుకో,” అని మైకు ఇచ్చింది పెద్దమ్మ.

“హోల్గేర్! ఫోను వెనక రేకు తియ్యి. లోపల చాక్లెట్టు కాగితం ఉంది. అది పీకేస్తే చుక్క వస్తుంది. వినపడుతోందా? కాగితం పీకెయ్!”

గరగరల మధ్య నుంచి ఎవడిదో నవ్వు వచ్చింది. “దిగ్నా వదినా, మా ఫోనులో కేకు ముక్క పెట్టమంటావా?”

పెద్దమ్మ మైకు లాక్కుంది. “ఒరేయ్, పళ్ళు రాలగొడతా. హోల్గేర్, జసింతో దారి తెలీకుండా ఉన్నార్రా.”

ఆ నోట ఆ మాట ఎన్నడూ ఎవరూ వినలేదు. నవ్వు ఆగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు ఊళ్ళోవాళ్ళ గొంతులు పలికాయి. మాకు కనబడలేదు పెద్దమ్మా. మాకూ కనబడలేదు. మేమూ చెబుతాం, ముందున్న పడవలకి అందిస్తాం. హోల్గేర్ గొంతు మాత్రం లేదు.

మధ్యాహ్నం దాటిపోయింది. దిగ్నా అదే మాట చెబుతూనే ఉంది. గొంతు పోతే లూబీ వచ్చి మైకు అందుకుని, “ఏమయ్యా, కాగితం పీకండయ్యా,” అని ఏడుస్తూ చెప్పింది. తిట్టడానికి కూడా ఆమెలో ఓపిక లేదు.

అప్పుడు వినిపించింది కొత్త గొంతు. మర్యాదగా, నెమ్మదిగా ఉంది. యాస ఉత్తరపు తీరానిది.

“అమ్మా, మీ మాట వింటున్నాం. మా పడవ పెద్దది, పెట్రోలు దండిగా ఉంది. వాళ్ళు పోయిన చోటేదో చెప్తే ఎల్లి చూసొస్తాం.”

పెద్దమ్మ లూబీ చేతిలోంచి మైకు తీసుకుంది.

“మీది ఏ ఊరు నాయనా?” అంది పెద్దమ్మ.

“దూరమమ్మా. పేరు చెప్పినా మీకు తెలీదు.”

పెద్దమ్మ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. “దొంగలు కూడా ఇలాగే మాట్లాడతారే. అమ్మా అంటారు, నాయనా అంటారు. మొన్న ఇంకెవరి పడవకో మోటారు పీక్కుని నడి సముద్రంలో వదిలేసినోళ్ళూ ఇలాగే పలికారంట.”

“చెప్పకపోతే మాత్రం?” అంది లూబీ. “ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నారు ఆళ్ళు? అయినా నాకు తెలిస్తేగా చెప్పడానికి. జసింతోకే సరిగా తెలీదు. అక్కా, నీకు తెలుసా?”

దిగ్నాకి తెలుసు. ప్రాణమిచ్చే తమ్ముడికి కూడా హోల్గేర్ ఇవ్వని చోటు ఆవిడ దగ్గర ఉంది. దొంగలైతే మోటారుతో పోతుందో, మనుషులతో పోతుందో తెలియదు. మంచివాళ్ళే అయినా తీరం మొత్తానికి ఆ చోటు తెలిసిపోతుంది, హోల్గేర్ ఇక ఈ జన్మలో ఆవిడ మొహం చూడడు. చూడకపోతే పోనీ, ముందు ఇంటికి రానీ అనుకుంది. రేడియోలో గొంతు తొందరపెట్టకుండా కాచుకుని ఉంది.

“పుంతా మాన్సా ఎదుటి దీవి దాటాక,” అంది దిగ్నా. “తిన్నగా పడమటికి పొండి బాబూ. నీళ్ళు ఒక్కసారిగా లోతవుతాయి. అక్కడే. మీకు పుణ్యముంటుంది, వాళ్ళనేం చెయ్యకండి.”

“అందిందమ్మా,” అంది గొంతు. ఆ తర్వాత గరగర తప్ప మరేమీ లేదు.

పెద్దమ్మ మరియమ్మ పటం ముందు కొవ్వొత్తి వెలిగించి వచ్చి కూర్చుంది. లూబీ దిగ్నా చెయ్యి పట్టుకుంది, పొద్దున్న పడిపొమ్మని శపించిన చెయ్యే. కరెంటు వచ్చింది, టవరు లేచింది, ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వాటిలో హోల్గేర్ ఫోను లేదు. దిగ్నాకి కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే కూర్చోవాలనిపించింది. చెయ్యడానికి ఒక్క పనీ లేకపోవడం ఆవిడకి జీవితంలో అదే మొదటిసారి.

పొద్దు వాలుతుండగా రేడియో పలికింది. అదే గొంతు.

“అమ్మా, మీరు చెప్పిన చోటే ఉన్నాం.”

“దొరికారా?” అని ముగ్గురూ ఒకేసారి అరిచారు.

“ఎవరూ లేరమ్మా. చుట్టూ తిరిగాం. తాడు లేదు, తాడు మీద తేలే డబ్బాలు లేవు. ఇక్కడికి పడవే రాలేదనిపిస్తోంది.”

దొంగలు కాదు. పాపం, మంచివాళ్ళే. దిగ్నాకి ఆ సంతోషం ఒక్క క్షణమే. ఇంతసేపూ చెప్పనా వద్దా అని కొట్టుకుందే గానీ, చుక్క లేనివాడు ఆ చోటికి చేరేదెలా అన్న చిన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ ఫోను మూసేసిన నాడే ఆ చోటుకి దారి మూసుకుపోయింది. మొగుడు దాచుకున్న ఒక్క గుట్టూ గాలికి వదిలేసి, మనుషులు లేని నీళ్ళకి పడవ పంపింది.

“అమ్మా, వింటున్నారా? మాకింకా పెట్రోలుంది, కాస్త వెలుగుంది. ఎటు వెతకమంటారు?”

దిగ్నా మైకు బొత్తాం నొక్కింది.

“నాకు తెలీదు బాబూ,” అంది. “ఎక్కడున్నారో వాళ్ళకీ తెలీదు.”