గాలి లేని తెల్లవారుజాములు

మూడో కేబులు తెగిపోయిన రోజున ఎవాంథియా పెట్రోలు బంకుకి ముందుగా వచ్చింది బేరం కాదు, కానిస్టేబులు లెఫ్తెరిస్. ప్రభుత్వం ఇచ్చిన కరెంటు స్కూటరు చప్పుడు చెయ్యదు. అతను వెనక నిలబడి గొంతు సవరించుకునేదాకా ఆమెకు తెలియలేదు.

"ఎవాంథియక్కా, ఏమీ అనుకోకు. ఇవాళ తెల్లారుజామున మీ ఆయన ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటాడు? నా పక్కన గురక పెడుతున్నాడు," అంది ఆమె, పంపు తుడవడం ఆపకుండానే.

అది అబద్ధం. పాండెలిస్ చీకటితోనే లేచి చేపలకని పడవ వేసుకుని వెళ్లాడు.

దేశంలో బళ్లు వదిలే పొగ తగ్గించాలనీ, ముందు ఈ చిన్న ద్వీపంలో పెట్రోలు బళ్లన్నీ మానిపించి చూపిస్తామనీ ఏథెన్సు నుంచి మంత్రి వచ్చి చెప్పి వెళ్లి ఏడాది దాటింది. పాత బండి అప్పజెప్పినవాళ్లకి కరెంటు బండి కొనుక్కోవడానికి సాయం. రేవులో, చర్చి దగ్గర, బడి దగ్గర, సముద్రస్నానాల చోట చార్జింగు స్తంభాలు. ఊరందరికీ ఎంతో కొంత లాభమే. నష్టపోయే కొంప ఒక్కటే, ఎవాంథియా తండ్రి పెట్టిన ఈ బంకు. అందుకని స్తంభాలకి వేలాడే కేబుళ్లను ఎవరో ఒక్కొక్కటే తెంచి మాయం చేస్తుంటే ఊరి చూపులన్నీ ఆ గుమ్మం మీదే పడ్డాయి.

ఊరినని ఏం లాభం? ఆమె చూపు కూడా అక్కడే ఉంది. మూడు సార్లూ మొగుడు వేటకి వెళ్లిన రోజునే తెగాయి. అతను ఇంట్లో పడుకున్న రోజున ఒక్కటీ తెగలేదు.

లెఫ్తెరిస్ వెళ్లగానే పెరటి కొట్లోకి వెళ్లి చూసింది. గోడకి రంపం ఉంది, సుత్తి ఉంది. పొడుగు పిడుల కట్టరు ఉండాల్సిన చోట వట్టి మేకు ఉంది. ఆమె కొట్టు తలుపు గబగబా మూసేసింది.

రొట్టెల కొట్టుకి వెళితే లోపల వినిపిస్తున్న మాటలు టక్కున ఆగిపోయాయి. కొట్టు యజమానురాలు మరిగో రొట్టె బల్ల మీద పెట్టి, కత్తి చేతిలోకి తీసుకుని నవ్వింది.

"నన్ను కోసిమ్మంటావా తల్లీ, నువ్వే కోసుకుంటావా? మీ ఇంట్లో అందరికీ చెయ్యి తిరిగిందటగా!"

"ముందు నీ నాలుక కోసుకో, ఆ తరవాత రొట్టె సంగతి చూద్దాం," అని ఎవాంథియా రొట్టె తీసుకోకుండానే వచ్చేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పాండెలిస్ సరిగ్గా తినలేదు. ఉల్లిపాయ ముక్కలు అటూ ఇటూ జరుపుతూ ఆమెనే ఓరగా చూస్తున్నాడు.

"లెఫ్తెరిస్ వచ్చాడటగా. ఏమన్నావే?"

"నువ్వు నా పక్కనే ఉన్నావన్నాను."

అతను గొంతు తగ్గించి అన్నాడు. "మంచి పని చేశావు. ఇకమీదట ఎవరడిగినా ఆ మాటే చెప్పు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ వద్దు."

ఇంకేం కావాలి? ఒప్పుకున్నట్టే కదా అనుకుంది ఎవాంథియా. ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్న మనిషి మొహం ఎవరిదో మొహంలా కనిపించింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. అవునంటే ఏం చెయ్యాలో తెలియక కడుపులోనే దాచుకుంది.

వారం పాటు ఉత్తరపు గాలి హోరెత్తించింది. పడవలు రేవు దాటలేదు, కేబుళ్లు తెగలేదు. గాలి పడిపోయిన తెల్లవారుజామున పాండెలిస్ మెల్లగా లేచి బూట్లు చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. ఎవాంథియా శాలువా కప్పుకుని వెనకాలే బయల్దేరింది.

అతను చర్చి వైపు తిరగలేదు. బడి వైపూ తిరగలేదు. తిన్నగా రేవులోకి దిగి, పడవ అడుగున చెయ్యి పెట్టి గోనెగుడ్డ మూట ఒకటి పైకి తీశాడు. గుడ్డ జారి కట్టరు ఎర్ర పిడులు బయటపడ్డాయి. అతను దాన్ని నీళ్లలోకి విసరబోయాడు.

"ఆగు!" అని ఎవాంథియా అరిచింది. "మూడు తెంచి, ఇప్పుడు సముద్రంలో పారేస్తే పాపం పోతుందా? నీకోసం పోలీసువాడి మొహం మీద అబద్ధమాడానయ్యా నేను!"

పాండెలిస్ మూట చేత్తో పట్టుకునే ఆమె వైపు తిరిగాడు. "నేను తెంచానా? నాకోసమా?" అన్నాడు. "ఏమే, మతిగాని పోయిందా? నువ్వు తెంచావనే కదా నేను దీన్ని ఇన్నాళ్లూ దాచి చస్తున్నది!"

"నేనా!"

"మరి? మంత్రి ఎదుట లేచి 'ఆ స్తంభాలు నా చేతుల్తో పీకేస్తా'నని కేకలేసిందెవరు? మొదటిది తెగిన రోజు నేను వేట నుంచి వచ్చేసరికి ఇది వెనక గుమ్మంలో పడుంది. దీన్ని దాచేశాక కూడా తెగుతుంటే ఇంకేదో సంపాదించావనుకున్నా."

"వెనక గుమ్మం తాళం తుప్పు పట్టి రాకపోతే దాంతో కత్తిరించానయ్యా! లోపల పెట్టడం మరిచిపోయాను, ఆ సంగతే ఇప్పటిదాకా గుర్తు రాలేదు."

"ఆ ముక్క నాకు చెప్పచ్చుగా?"

"నువ్వు అడగచ్చుగా?"

వాళ్లు అలా పడవ దగ్గర పోట్లాడుకుంటూ ఉండగానే ద్వీపం అవతలి ఒడ్డున, సముద్రస్నానాల చోట పెట్టిన నాలుగో స్తంభం కేబులు తెగిపోయింది. ఆ సంగతి లెఫ్తెరిస్ వచ్చి చెబితే మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వేళ ఇద్దరం రేవులోనే ఉన్నామంటే నమ్మేదెవరు? కట్టరు తెచ్చి అతని చేతికిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పారు. తాను ఆడిన అబద్ధం కూడా ఎవాంథియా దాచలేదు. అతను అంతా విని, నమ్మానని గాని నమ్మలేదని గాని అనకుండా కట్టరు పట్టుకుని వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా తీర రక్షక దళం పక్క ద్వీపం దగ్గర ఒక మోటారు పడవను ఆపింది. దాని అడుగున కేబుళ్ల చుట్టలు దొరికాయి. లోపలి రాగి కరిగించి అమ్ముకునే ముఠా. సముద్రం నిమ్మళంగా ఉన్న రోజులు చూసుకుని వచ్చిపోయేవాళ్లట. పాండెలిస్ వేటకి వెళ్లేదీ ఆ రోజుల్లోనే.

ఊళ్లో ఎవరూ వచ్చి క్షమించమని అడగలేదు. మామూలుగా పలకరించడం మొదలుపెట్టారు, అంతే. మేయరు మాత్రం వచ్చి, కొత్త స్తంభాలు మీ బంకులోనే పెడతాం, చూసుకునే పని మీదే అన్నాడు. ఇందులో ఏం మెలిక ఉందోనని ఎవాంథియా అతని మొహంలోకి చాలాసేపు చూసింది. రేపు చెబుతామంది.

ఆ సాయంత్రం పంపు పక్కన కూర్చుని పాండెలిస్ కాఫీ కలిపిచ్చాడు.

"నువ్వు నిజంగా తెంచి ఉన్నా నేను దాచేవాణ్ణే," అన్నాడు.

"తెలుసు," అంది ఆమె. "నేనూ అబద్ధం ఆడేదాన్నే. కానీ నేను ఆ పని చెయ్యనని నీకు ఒక్కసారైనా అనిపించలేదు కదయ్యా. నాకూ నీ గురించి అనిపించలేదు. నన్ను కాల్చేస్తున్నది అదే."

అతను ఖాళీ కప్పు నేల మీద పెట్టి, మేయరుకి ఏం చెబుదామని అడిగాడు. ఆమె వద్దంది, అతను పెడదామన్నాడు. ఇద్దరూ గొంతులు పెంచి వాదించుకున్నారు. దారిన పోయేవాళ్లు ఆగి విన్నా ఈసారి వాళ్లిద్దరూ పట్టించుకోలేదు.