నైట్ షిఫ్టు వారంలో పెళ్లి జాకెట్టు

ఆఫీసు బోర్డుల మీద మధ్యప్రదేశ్ చెరిపేసి ఛత్తీస్‌గఢ్ అని రాస్తున్న రోజులవి. కార్మికుల బస్తీ క్యాంప్ 2లో ఆడవాళ్ల చీరలకు ఫాల్ కుట్టే సుమతికి, వైశాలి నగర్ పార్వతమ్మగారు ఒక పొద్దున్నే కూతురి పెళ్లి జాకెట్టు కుట్టమని ఇచ్చారు. ఆ సాయంత్రమే వాళ్లు పెళ్లికి దుర్గ్‌లో రైలెక్కేస్తారు. ఇది కుదిరితే సుమతి టైలరు. కుదరకపోతే ఎప్పటికీ ఫాల్ కుట్టే మనిషే.

తీరా చూస్తే అది మొగుడు కొర్నేలికి నైట్ షిఫ్టు వారం. అతను ఉక్కు మిల్లు నుంచి వచ్చి పగలు పడుకుంటే ఇంట్లో గిన్నె కూడా చప్పుడు చెయ్యకూడదు. సుమతి మిషన్‌కి దుప్పటి కప్పి, వాకిట్లో కూర్చుని చేత్తోనే మొదలెట్టింది. ఒక చెయ్యి అతికేసరికి మధ్యాహ్నమైంది. భయమేస్తోంది, అయినా ఆమెకు నవ్వొస్తోంది. మొగుడి గురించో పిల్లల గురించో కాక, తన గురించి తను భయపడటం ఇదే మొదలు. ఆ భయం బావుంది.

పక్కింటి శ్రీలక్ష్మి గోడ మీంచి తొంగిచూసింది.

"ఏటొదినా, చేత్తోనా! ఆ పిల్లకి పుట్టబోయే బిడ్డ బారసాలకి అందిస్తావేటి?"

"ఉష్! మీ అన్నయ్య పడుకున్నారు."

"మిషన్ మా ఇంటికి తెచ్చీ."

"మీ ఆయనదీ నైటే కదే!"

ఇద్దరూ నోటికి కొంగు అడ్డుపెట్టుకుని నవ్వారు. అంతలో కొర్నేలి గుమ్మంలోకి వచ్చాడు, కళ్లు ఎర్రగా.

"ఏటే, మిషన్ తియ్యలేదేటి?"

"మీకు నిద్ర చెడుద్దని."

"నిద్రెక్కడ? చప్పుడు లేకపోతే మిల్లు ఆగిపోయినట్టుంటాది. బ్రేక్‌డౌనేమోనని ఉలిక్కిపడి లేస్తన్నాను."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నాకోసం నువ్వు పిల్లిలా నడుస్తుంటే ఎలా చెప్పనే?"

సుమతికి కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెంటికీ టైము లేదు. దుప్పటి లాగేసి మిషన్ తొక్కింది. టకటకలతో ఇల్లు నిండిపోయింది. జాకెట్టు మెడ తిప్పేలోపే లోపల కొర్నేలి గురక మొదలైంది. అది విని ఆమె కాళ్లు ఇంకా జోరందుకున్నాయి.

హుక్కులు కుట్టడం అవుతుండగానే వీధిలో ఆటో ఆగింది. పెళ్లికూతురు జాకెట్టు తొడుక్కుని, రెండు చేతులూ పైకెత్తి చూసింది.

"ఆంటీ, ఏక్‌దమ్ ఫిట్!"

పార్వతమ్మగారు మాత్రం కూతుర్ని నిలబెట్టి చుట్టూ తిప్పి, చంకల దగ్గర లాగి, వీపు మీద ముడత వెతికారు. ఒక్కటీ దొరకలేదు.

"పెళ్లిలో అందరూ అడుగుతారు, ఎవరు కుట్టారని. ఏం చెప్పమంటావ్?"

"సుమతి టైలర్ అని చెప్పండమ్మా!"

వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. తన గొంతు అంత పెద్దదని సుమతికీ అప్పుడే తెలిసింది.