ఎడమచేతి వాళ్ళు

పోలిక పత్రం రాసింది ఆమె. కింద ఉన్న పేరు భర్తది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఇద్దరూ పనిచేసేది ఒకే అట్టపెట్టెల కార్ఖానాలో. శిక్షణ విభాగానికి అతను అధికారి, ఆమె గుమాస్తా. కోత యంత్రాల మీద కొత్తవాళ్ళకు పని నేర్పడానికి ఏ పద్ధతి మేలో తేల్చమని మేనేజరు అడిగాడు. మొదటిది మెట్ల పద్ధతి: ఏం అవసరమో తెలుసుకుని, పాఠమంతా రాసి ముగించి, ఆ తరవాతే నేర్పడం. రెండోది మచ్చు పద్ధతి: చిన్న పాఠం తయారుచేసి, నలుగురికి నేర్పి, తప్పిన చోట దిద్ది, మళ్ళీ నేర్పడం. ఆమె తొమ్మిది రోజులు యంత్రాల దగ్గర నిలబడి చూసింది. ఇంటికొచ్చి, అంట్లు తోమి, వంటింటి గట్టు మీదే కాగితాలు పరుచుకుని రాసింది. మచ్చు పద్ధతే మేలని తేల్చింది.

అత్తగారిది మూడో పద్ధతి అనుకుని, రాస్తూ రాస్తూ నవ్వుకుంది. అందులో పాఠం ఉండదు, పరీక్షే. కాపురానికొచ్చిన మర్నాడే, "ఈ మాత్రం తెలీదా? మీ అమ్మ ఏం నేర్పినట్టు?" అందావిడ. ఇరవై ఏళ్ళుగా ఆ పరీక్ష ఆమె తప్పుతూనే ఉంది.

భర్త చివరి పేజీ ఒక్కటే మార్చాడు. మెట్ల పద్ధతే మేలన్నాడు. పాఠాల పుస్తకం ఒకసారి అచ్చయితే చేతులు దులుపుకోవచ్చని అతని లెక్క. పేరు సంగతి అడిగితే, "నీ పేరైతే ఏంటి, నా పేరైతే ఏంటి? ఇద్దరం ఒకే కంచంలో తినడం లేదూ?" అన్నాడు. ఒకే కంచంలో ఎన్నడూ తినలేదు. అతను తిని లేచాక ఆమె తినేది.

సమావేశంలో మేనేజరు కాగితాలు తిప్పుతూ ఆగాడు. "ఏడో పేజీలో ఎడమచేతివాళ్ళ గురించి ఏదో ఉంది. చివర్లో దాని ఊసే లేదేం?"

అతను ఆ పేజీ చదవలేదు. "అదీ... చిన్న విషయమండీ."

"చిన్నది కాదండీ." మంచినీళ్ళ గ్లాసులు అందిస్తున్న ఆమె ఆగి అంది. "ఎడమచేతి వాటం వాళ్ళు అట్ట అందుకోవాలంటే కత్తి మీదుగా చెయ్యి చాపాలి. గదిలో కూర్చుని పుస్తకం రాస్తే అది కనపడదు. నలుగురికి నేర్పి చూస్తే మొదటిరోజే కనపడుతుంది. ఇప్పుడొచ్చిన పన్నెండుమందిలో ఇద్దరు అలాంటివాళ్ళే."

"ఇదంతా రాసిందెవరు?"

"నేనండీ. చివరి పేజీ తప్ప."

"మరి మచ్చు పాఠం నేర్పేదెవరు?"

"నేనే. సోమవారం నుంచి. ఈయన కింద మాత్రం కాదు."

మేనేజరు సరేనన్నాడు. భర్త గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక, "పదిమందిలో మొగుడి పరువు తీసి ఏం బావుకున్నావ్?" అన్నాడు.

"తప్పయిందను, పోతుంది," అంది అత్తగారు.

"చెప్పాల్సింది చెప్పాల్సిన చోట చెప్పాను. ఆ మాట మళ్ళీ ఎత్తను," అందామె.

ఆరోజు అందరిముందూ ఎందుకలా అన్నావని అతను ఎన్నో ఏళ్ళు అడిగాడు, బతిమాలీ, తిట్టీ. అన్నట్టే ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.