ముడి వైచిన నేరము

గ్రీష్మమధ్యాహ్నమున మార్తాండుడు ప్రచండకిరణములతో హేమపుర రాజవీథుల నిప్పులు చెఱుగుచుండ, తడిపిన వట్టివేళ్ల తడికల చల్లదనమున పట్టుబాలీసున కొఱగి మంత్రి బొప్పనామాత్యుడు శరణార్థుల మనవులు వినుచు నడుమ నడుమ కునికిపాట్లు పడుచుండెను.

యుద్ధదగ్ధమైన పొరుగుసీమనుండి ప్రాణము లఱచేత పెట్టుకొని తల్లిలేని బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన సాలె సోమలింగము రెండేండ్లుగా పురబాహ్యశిబిరమున సర్కారుగంజి త్రాగుచుండెను. శరణార్థి యెవ్వడును పని ముట్టరాదని శాసించిన మంత్రివర్యుడే వారిని తేరకూడు మెక్కు సోమరిపోతులని నిండుకొలువున తిట్టిపోయుచుండెను. ఆహా, యేమి నీతి! సిగ్గనునది యెట్లుండునో ఆ మహానుభావు డెఱిగియుండడు.

సోమలింగము చేతులు జోడించి "దొరవారూ! మగ్గమున కూర్చుండుటకు సెలవిప్పించుడు. రెక్కలు ముక్కలు చేసికొనియైన నా బిడ్డను నేనే సాకుకొందును. గంజితో దాని కెముకలే మిగిలినవి" అని వేడుకొనెను.

"కూర్చున్నచోటికి గంజి వచ్చుచుండ నీకీ యారాట మేలరా?" అని మంత్రి యావులించెను. ఐనను ఆనాడేలనో యతని మనసు కరగెను. కాదు కాదు, భోజనవేళ సమీపించెను. అనుమతిపత్రముపై ముద్ర వేయుటకు చేయెత్తినంతనే అతని జరీయుత్తరీయము పీఠపు చెక్కడమునకు తగులుకొని అంచున నొక పోగు పుటుక్కున తెగెను.

కన్నులయెదుట పోగు తెగిన సాలెవాని చేయి యూరకుండునా? మగ్గముపై నట్టి పోగులు వేలకొలది యతికిన సోమలింగము తానెచ్చట నున్నాడో మఱచి ముందునకు వంగి తెగిన కొనలు రెంటిని వ్రేళ్లనడుమ నులిమి లిప్తలో ముడివైచెను.

ముద్ర పత్రమును తాకలేదు. "అనుమతి లేక పని చేసితివి! అదియు మా కన్నులయెదుటనే! వీనిని బిడ్డతో గూడ పొలిమేర దాటింపుడు!" అని మంత్రి గర్జించెను.

"అయ్యయ్యో దొరవారూ! ఆ సీమకు పంపిన మమ్ము బ్రతుకనీయరు. పొరపాటయ్యెను. ఆ ముడి యిప్పుడే విప్పెదను" అని సోమలింగము చేయి చాచెను.

మంత్రి ఉత్తరీయమును చటుక్కున వెనుకకు లాగికొని "విప్పిన బట్ట చెడదా? ముడి యుండనిమ్ము. నీవు పొమ్ము" అనెను.

భటులు వానిని బయటి కీడ్చుకొనిపోయిరి. మంత్రి ఆ యంచును వెలుతురున పట్టి ముడి యెచ్చటనున్నదో యెంత వెదకియు కానక "భళీ, పనివాడనిన వీడురా!" అని మెచ్చుకొనుచు భోజనమునకు లేచెను.